మార్చి దాకా

డండీలో డిసెంబరు. మూడున్నరకే
టే నది మీద వెలుతురు షట్టరు దించేస్తుంది.
అందుకే పొద్దున్నే, టీ అయినా తాగకుండా
ముందు గది గోడ ఎదుట నిలబడ్డాను
తీర్పు చెప్పాల్సినదానిలా.

గోడ మీద జానెడేసి రెండు మరకలు.
ఒకటి ముదురు ఆకుపచ్చ,
తడిగుడ్డలో చుట్టిన తమలపాకుల కట్ట లోపలి చీకటి.
రెండోది, అదే పచ్చలోకి రాత్రిపూట ఎవరో
గరిటెడు సముద్రం ఒంపినట్టు.
డబ్బాల మీద ఏవో అడవుల పేర్లు, రేవుల పేర్లు.
నేను మాత్రం పెద్దది, చిన్నది అంటున్నాను
తోడికోడళ్లని పిలిచినట్టు.

అసలు చిక్కు రంగుల్లో లేదు.
అక్టోబరులో కుడి కంటికి శుక్లం తీశారు.
ఎడమ కన్ను మార్చిలో.
కుడి కన్ను మూస్తే రెండు మరకలూ కవలలు,
ఒకే చీకటి పచ్చ.
ఎడమ కన్ను మూస్తే
చిన్నది చటుక్కున నీలమై పక్కకి జరుగుతుంది.

పచ్చకామెర్ల సామెత చిన్నప్పుడే నేర్చుకున్నాను,
అది ఎప్పుడూ ఎదుటివాళ్ల గురించే అనుకున్నాను.
మన భాష మాత్రం తక్కువదా?
పసుపుదీ పచ్చే, ఆకుదీ పచ్చే.
రెండింటినీ ఒకే మాటకి కట్టేసి
మీరే తేల్చుకోండని వెళ్లిపోయింది.

జోగారావుని పిలిచాను.
పేపరు దించకుండానే "రెండూ బాగున్నాయి" అన్నాడు.
ముప్పై ఏళ్లుగా నా కూరలకీ అదే మాట.

పెర్త్ రోడ్డులో ఇరవై రెండేళ్లు
ఆల్టరేషన్ల షాపు నడిపాను.
జిప్పులు, అంచులు, పెళ్లి గౌన్ల నడుములు.
కిటికీ దగ్గర గుడ్డకి దారం ఆనించి
"ఇదే" అనడమే నా జీవనం.
నిన్న దారాల పెట్టె దించాను, గోడతో పోల్చి చూద్దామని.
నా చేతిరాతతోనే "బాటిల్ గ్రీన్" అని
చీటీ అంటించి ఉన్న రీలు.
కుడి కంటికి అది ఏ కోశానా గ్రీన్ కాదు.
చిన్నదాని మీద ఆనించాను.
కలిసిపోయింది, గోడలోంచే తీసినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది మిసెస్ గిలెస్పీ కోటు.
చర్చికి వేసుకునే ఆకుపచ్చ ఉన్ని కోటు.
అంచంతా ఆ దారంతోనే కుట్టాను.
వచ్చింది. తిప్పి చూసింది.
ఒక్క క్షణం ఎక్కువే చూసింది.
"చక్కగా ఉంది, డియర్" అని డబ్బులిచ్చి
చిల్లర వదిలేసి వెళ్లింది.
మరుసటి ఏడు ఇంకో కోటు తెచ్చింది.
ఆవిడ పోయి నాలుగేళ్లు.
ఇంకెంతమంది అలా, నోరెత్తకుండా,
నా పొరపాటుని పిక్కల దగ్గర మోసుకుంటూ
ఈ ఊరి ఎత్తులన్నీ ఎక్కి దిగారో.

రెండు కళ్లూ తెరిచి చూస్తే
చిన్నది నిలకడగా ఉండదు.
ఓ పక్క నుంచి నీలం, ఇంకో పక్క నుంచి పచ్చ.
చీరాల మగ్గం మీద నెమలికంఠం రంగు ఇలాగే పుడుతుంది,
పడుగు నీలం, పేక పచ్చ.
అసలు రంగేదని అడిగితే నేతగాడు
నాడె విసిరి ఊరుకుంటాడు.
ఇప్పుడు నాకూ ఒక కన్ను పడుగు, ఒక కన్ను పేక.
మార్చి దాకానే.

పెయింటరు పేరు కాలమ్. వాళ్లలో అదో పేరు.
తొమ్మిదింటికల్లా నిచ్చెనతో వచ్చాడు.
మార్చి దాకా ఆగగలవా అని అడిగాను.
ఫోను చూసుకుని, జూన్ దాకా ఖాళీ లేదన్నాడు.
పేరుకి తగ్గవాడే.

"చిన్నది" అన్నాను, వేలు పెట్టి చూపించి.
తప్పయితే కానీ,
ఈసారి నా గోడ మీదే ఉంటుంది.
జోగారావు పేపరు దించాడు.

"ముందు సీలింగ్ వేసెయ్, బాబూ,
అది తెలుపేగా, దానికేం గొడవ లేదు."
కాలమ్ మూత ఊడదీశాడు.
వంగి, ఎడమ కన్ను మూశాను.
పాలు.
కుడి కన్ను మూశాను.
వెన్న.